కట్టినవారే కొలిస్తే...

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు, మరో 19 మంది సైనికులు ప్రాణాలర్పించారు. ఆ సంగతి తెలుగువారెవరూ మరచిపోలేదు. ఆ లోయ ముఖద్వారం మీదుగా వెళ్లే రహదారి కథ మాత్రం తక్కువమందికే తెలుసు.

తూర్పు లద్దాఖ్‌లోని దర్బూక్ నుంచి ష్యోక్ మీదుగా దౌలత్ బేగ్ ఓల్డీ వరకు 255 కిలోమీటర్ల దారి అది. పని 2000లో మొదలైంది, 2012కల్లా పూర్తి కావాలి. అయితే చాలా భాగాన్ని ష్యోక్ నది గర్భంలోనే వేసుకుంటూ పోయారు. వేసవిలో మంచు కరిగి నది పొంగితే దారి నీటిపాలు. చలికాలంలో నదే గడ్డకడుతుంది కాబట్టి అప్పుడు దారితో పెద్ద అవసరమే లేదు! 2011లో చీఫ్ టెక్నికల్ ఎగ్జామినర్ విచారణ జరిగింది. ఈ దారి సైనిక అవసరాలకు పనికిరాదని తేలింది. ఆ తర్వాత చాలా భాగాన్ని నది నుంచి పక్కకు జరిపి మళ్లీ వేశారు. 2019లో దారి పూర్తయింది. ఆ ఏడాది అక్టోబరు 21న ష్యోక్‌పై కర్నల్ ఛెవాంగ్ రిన్చెన్ వారధి ప్రారంభమైంది. మరో ఎనిమిది నెలలకే గల్వాన్. పాత దారే మిగిలి ఉంటే ఆ జూన్‌లో మన బలగాలకు సరుకు, మందుగుండు ఎలా చేరేవో ఊహించుకోవచ్చు.

ఇంతకీ ఎవరీ ఎగ్జామినర్? ప్రభుత్వ నిర్మాణాలను పని జరుగుతుండగానే సాంకేతికంగా పరీక్షించేందుకు 1957లో కేంద్ర నిర్మాణ శాఖలో ఏర్పడిన విభాగమిది. కట్టే శాఖ కిందే ఉంటే లాభం లేదని 1964లో దాన్ని కొత్తగా వచ్చిన కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు మార్చారు. పేరు పెద్దగా వినపడని ఈ విభాగానికి సరిహద్దు సైనికుడు రుణపడి ఉన్నాడు.

కాగ్ ఉంది కదా అంటారు. ఉంది, దాని మీద నాకు గౌరవమూ ఉంది. చైనా సరిహద్దు రోడ్లపై 2017లో అది ఇచ్చిన నివేదిక చదివితే ఒళ్లు మండుతుంది. 2012 నాటికి కావాల్సిన 61 రోడ్లలో 2016 మార్చి వరకు పూర్తయినవి 22. మొత్తం 61 రోడ్ల అంచనా రూ.4,644 కోట్లయితే, అప్పటికే రూ.4,536 కోట్లు ఖర్చయిపోయాయి. కానీ ఈ లెక్క తేలేసరికి గడువు దాటి అయిదేళ్లు. ఆడిట్ జరిగిపోయినదాన్ని చెబుతుంది. కాంక్రీటు గట్టిపడకముందే వచ్చి చూసేవాడు వేరే కావాలి.

నేనుండే పుదుచ్చేరి ముత్తియాల్‌పేట కేంద్రపాలిత ప్రాంతం. ఇక్కడి ప్రభుత్వ పనులు ఆ ఎగ్జామినర్ పరిధిలోకి వస్తాయి. నాలుగడుగులు ఉత్తరానికి నడిస్తే కొట్టకుప్పం, తమిళనాడు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వ పనులను ఆయన ముట్టుకోలేడు. మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ కావాలంటే యానాం. యానాంలో కట్టే భవనాన్ని ఢిల్లీ నుంచి వచ్చి పరీక్షించవచ్చు. గోదావరి వంతెన దాటి ఎదుర్లంకలో రాష్ట్ర నిధులతో కడితే వీల్లేదు.

ఈ ఖాళీ ఎంత ఖరీదైనదో కాళేశ్వరం చూపింది. కేంద్ర జల సంఘం సవివర నివేదికను ఆమోదించకముందే రూ.25 వేల కోట్ల విలువైన 17 పనులను అప్పగించేశారని కాగ్ తేల్చింది. రూ.81,911 కోట్లుగా చూపిన వ్యయం రూ.1,47,427 కోట్లు దాటవచ్చని చెప్పింది. ఈ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది 2023 అక్టోబరులో. తర్వాత కమిషన్లు, విచారణలు, ఆరోపణలు, ప్రత్యారోపణలు. ఎవరిది తప్పో న్యాయస్థానాలు తేలుస్తాయి. పునాది తవ్వుతున్నప్పుడు బయటి ఇంజినీరుకు అక్కడ అడుగుపెట్టే చట్టబద్ధమైన హక్కు ఉందా అన్నదే నా ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ 2019లో ఒక ప్రయత్నం చేసింది. రూ.100 కోట్లు, ఆపైన టెండర్లను ముందుగా ఒక న్యాయమూర్తి పరిశీలించాలని చట్టం తెచ్చింది. అది టెండరు కాగితం దగ్గరే ఆగిపోయేది, పని జరిగే చోటికి పోయేది కాదు. 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్నే రద్దు చేసింది. లోపముంటే సరిదిద్దాల్సింది.

సైన్యంలో రెజిమెంటు నిధులకు మూడు నెలలకోసారి ఆడిట్ బోర్డు కూర్చుంటుంది. డబ్బు ఎవరి చేతిలో ఉందో ఆ అధికారి బోర్డులో ఉండడు. అది ఆయన మీద అనుమానం కాదు, ఆయనకు రక్షణ. నార్వేలో 2000 నుంచి భారీ ప్రభుత్వ ప్రాజెక్టుల అంచనాలను పార్లమెంటు ముందుకు తెచ్చేముందు బయటి నిపుణులు పరీక్షిస్తున్నారు. అక్కడి ఇంజినీర్లు దాన్ని అవమానంగా భావిస్తున్నారని నేనెక్కడా వినలేదు.

తనిఖీలతో పని నత్తనడక నడుస్తుందన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. లద్దాఖ్‌లో పనికి అనువైన కాలం ఏడాదికి కొన్ని నెలలే. విజిలెన్స్ భయంతో సంతకం పెట్టని అధికారులనూ చూశాను. కానీ ష్యోక్ దారిని ఆలస్యం చేసింది తనిఖీ కాదు, తప్పు చోట వేయడం. దేశ భద్రత పేరుతో తలుపులు మూసే అలవాటూ పోవాలి. శత్రువుకు ఉపగ్రహంలో కనిపించే రోడ్డు మన ఎగ్జామినర్‌కు రహస్యమా?

ఇప్పుడున్న వ్యవస్థా చాలదు. అంతా చూసేంత సిబ్బంది లేరు, ఎంచిన కొన్ని పనులనే చూస్తారు. వారి అభ్యంతరాలు తిరిగి అదే సంస్థ విజిలెన్స్ అధికారి బల్ల మీదికే వెళతాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ శాసనసభకు జవాబుదారీ అయిన సాంకేతిక పరీక్షకుణ్ని చట్టం ద్వారా నియమించాలి. ఎం-బుక్కులో రాసిన కొలతను తానే వెళ్లి కొలిచే హక్కు, తేడా ఉంటే బిల్లు ఆపే అధికారం ఆయనకివ్వాలి. ఆయన రాసింది నెలలోపు సభ ముందు పెట్టాలి, తెలుగులో కూడా.