హోటల్ భోజనం, ఒంటరి స్త్రీ: న్యూయార్క్, 1907

తెలుగు వాడుకలో హోటల్ అంటే భోజనం దొరికే చోటు. అమెరికాలో అది ముఖ్యంగా బస చేసే చోటు. భోజనశాల అందులో ఒక భాగం. ఈ తేడాను గుర్తుంచుకొని కింది ఉదంతం చదవండి.

1907 ఆగస్టులో హారియట్ స్టాంటన్ బ్లాచ్ మరొక స్త్రీతో కలిసి న్యూయార్క్‌లోని హాఫ్‌మన్ హౌస్ హోటల్ మేడపై ఉన్న భోజనశాలకు వెళ్ళారు. వెంట పురుషుడు లేడన్న కారణంతో వారికి వడ్డించలేదు. బ్లాచ్ స్త్రీల ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ కుమార్తె. ఆమె హోటల్‌పై దావా వేశారు. అవాంఛనీయ స్త్రీల వల్ల గౌరవనీయ స్త్రీలకు ఇబ్బంది కలగకూడదనే ఈ నియమం పెట్టామని యాజమాన్యం వాదించింది. తనను ఇబ్బంది పెట్టినవారు ఎప్పుడూ పురుషులేననీ, అలాంటివారిని ఆపే నియమం ఎందుకు లేదనీ ఆమె ప్రశ్నించారు. ఈ పాఠానికి ప్రాణం ఈ ప్రశ్నేనని నా అభిప్రాయం. 1908లో జ్యూరీ మాత్రం హోటల్ పక్షానే నిలిచింది.

ఓటు హక్కు పాఠంలో భోజనం ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆనాటికి కార్యాలయాల్లో, దుకాణాల్లో పనిచేసే స్త్రీల సంఖ్య పెరుగుతోంది. పని ముగిసేసరికి చీకటి పడితే వారు ఎక్కడ తినాలి?

చౌక భోజనశాలలు ఈ అవసరాన్ని కొంత తీర్చాయి. 1902లో ఫిలడెల్ఫియాలో మొదలైన ఆటోమాట్ 1912లో న్యూయార్క్‌కు వచ్చింది. గోడలో గాజు తలుపుల అరలు. 5 సెంట్ల నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకునేది. వడ్డించేవారు లేరు, కాబట్టి వడ్డించబోమనేవారూ లేరు. గోడ వెనుక నిలబడి ఖాళీ అరలు నింపే పనివారు మాత్రం తినేవారికి కనిపించేవారు కాదు.