ఎముకలో ఫ్లోరైడు, మనసులో దిగులు

హనుమంతునిపాడు, కనిగిరి, పొదిలి పల్లెల్లో బోరు నీళ్లు తాగి బతికిన పెద్దవాళ్లను కదిలిస్తే ముందు నడుం సంగతే వస్తుంది. వంగితే లేవలేమంటారు. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. ఈ బాధ వైద్య గ్రంథాలకెక్కి ఎనభై ఏళ్లు దాటింది. షార్ట్ అనే వైద్య పరిశోధకుడు తన సహచరులతో కలిసి మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ ఉందని 1937లో ప్రకటించాడు. ఆయన చూసిన రోగులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలవాళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి.

వానలు తక్కువ, రాయి ఎక్కువ అయిన చోట నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, అందులోని ఫ్లోరైడును కరిగించుకుంటుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాటకూడదని మన దేశపు ప్రమాణం. దాటిన నీళ్లే ఏళ్లకేళ్లు తాగితే ఫ్లోరైడు ఎముకలోని ఖనిజంలో కలిసిపోతుంది. ఎముక బరువెక్కుతుంది, కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు గట్టిపడతాయి, ముదిరితే వెన్నుపాము నలుగుతుంది. అలా గట్టిపడినదాన్ని మళ్లీ మెత్తన చేసే మందు లేదు. మంచినీళ్లు ఇచ్చి జబ్బు ముదరకుండా ఆపగలం, అంతే.

తగ్గని జబ్బు ఉన్న ఇంటికి సలహాలు చాలా వస్తాయి. లోపల దిగులు పెట్టుకుంటే రోగం పెరుగుద్ది, మనసులో ఉన్నది కక్కేస్తే ఒళ్లు తేలికవుద్ది అని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు అదే మాటను శిబిరాలవాళ్లు, సెల్‌ఫోన్ వీడియోలవాళ్లు కొత్త పేర్లతో చెబుతున్నారు. ఈ మాటలో నిజం ఎంత, ఎక్కడితో ఆగుతుంది? నన్ను ఎన్నాళ్లుగానో వెంటాడుతున్న ప్రశ్న ఇది. నాకున్నది ఫ్లోరోసిస్ కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం. అయినా పొద్దున్నే వేళ్లు ముడుచుకోని బాధ ఎలాంటిదో తెలుసు.

నిజం కొంత ఉంది. నొప్పి దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు నేరుగా వెళ్లే కబురు కాదని 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వెన్నుపాములో చెరువు తూము లాంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. మెదడు పైనుంచి దాన్ని కొంత బిగించగలదు, కొంత వదలగలదు. భయం, అప్పు, నిద్రలేమి, బోర్లు ఎండి పంట పోయిన ఏడాది జ్ఞాపకం, ఇవన్నీ ఆ తూమును తెరిచే ఉంచుతాయి. వాపు అంతే ఉన్నా బాధ రెట్టింపవుతుంది. కాబట్టి మనసుకు చేసే వైద్యం నొప్పిని తగ్గించడం వింతేమీ కాదు. ఎముకలోని ఫ్లోరైడు మాత్రం ఏ ఏడుపుకీ కరగదు.

ఈ వైద్యాల్లో అన్నిటికన్నా చవకైనది రాసుకోవడం. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో అమెరికాలోని డల్లాస్‌లో కాలేజీ విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున, తమ జీవితంలోని అతి పెద్ద దుఃఖం గురించి రాయించాడు. రాసినప్పుడు వాళ్లు మరింత కుంగారు. తర్వాతి ఆరు నెలల్లో మాత్రం, మామూలు విషయాలు రాసినవాళ్లకంటే తక్కువసార్లు ఆసుపత్రికి వెళ్లారు. 1999లో జాషువా స్మిత్ ఇదే పద్ధతిని ఆస్తమా, కీళ్లవాతం ఉన్నవాళ్ల మీద పరీక్షించాడు. నాలుగు నెలల తర్వాత, దుఃఖం రాసినవాళ్లలో 47 శాతం మందికి వైద్యులు లెక్కలోకి తీసుకోదగ్గ మెరుగు కనిపించింది. మామూలు విషయాలు రాసినవాళ్లలో అది 24 శాతం. ఆ అంకె చూసి చాలామంది పొంగిపోయారు. తర్వాత 2006లో ఫ్రాటరోలి 146 అధ్యయనాలను కలిపి లెక్కగడితే, మేలు నిజమే కానీ చాలా చిన్నదని తేలింది.

నేనూ రాశాను. నాన్న పోయిన ఏడాది సంగతులు, ఎవరితోనూ అనని మాటలు. మొదట్లో రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. పోనుపోను, లేవగానే వేళ్లు ఎలా ఉంటాయోనన్న బెదురు తగ్గింది. వాపు తగ్గించింది మాత్రం మెథోట్రెక్సేట్ మాత్రే. ఈ రెండూ వేరు వేరు సంగతులని గుర్తుపెట్టుకుంటే చాలా మోసాల నుంచి తప్పించుకోవచ్చు. రాసింది ఎవరికీ చూపనక్కర్లేదు, దాచనక్కర్లేదు. దేశమంతటికీ బడి పలకలు పంపిన మార్కాపురం పక్కనే ఉంది; పలక మీద రాసి తుడిచేసినా సరే.

తరువాత వేళ్లతో తట్టుకోవడం. ముఖం మీద, ఛాతీ మీద కొన్ని చోట్ల తడుతూ బాధను తలచుకుంటే శరీరంలోని శక్తి ప్రవాహాలు సర్దుకుంటాయని దీని వాదన. 1990లలో గ్యారీ క్రెయిగ్ ప్రచారంలోకి తెచ్చాడు. తట్టుకున్నాక తేలికపడ్డామని చెప్పేవాళ్లు నాకు తెలుసు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే 2003లో కెనడాలో వెయిట్, హోల్డర్ అనేవారు 119 మంది విద్యార్థులతో ఒక చక్కని పరీక్ష పెట్టారు. కొందరు చెప్పిన చోట్ల తట్టుకున్నారు. కొందరు చెప్పని చోట్ల తట్టుకున్నారు. ఇంకొందరు తమ ఒంటిని వదిలేసి ఒక బొమ్మను తట్టారు. మూడు గుంపుల్లోనూ భయం దాదాపు ఒకేలా తగ్గింది, ఏమీ చేయనివాళ్లలో తగ్గలేదు. అంటే మేలు చేసింది ఆ చోట్లు కాదు. భయపడే విషయాన్ని కాస్త నెమ్మదిగా, చేతికి ఒక పని ఇచ్చుకుని, తలచుకోవడమే.

ఏ వైద్యం ఎదురైనా నేను ఈ బొమ్మను గుర్తు చేసుకుంటాను. దాని ప్రత్యేకత అని చెప్పేదాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది? కళ్లను అటూ ఇటూ తిప్పుతూ పాత గాయాన్ని తలచుకునే ఇ.ఎం.డి.ఆర్. పద్ధతిని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్ద ఆఘాతాల తర్వాతి మానసిక సమస్యకు సిఫారసు చేసింది. కళ్లు తిప్పడం వల్ల ఎంత, గాయాన్ని నిపుణుల సమక్షంలో ఎదుర్కోవడం వల్ల ఎంత అన్న వాదన మాత్రం సాగుతూనే ఉంది.

జబ్బు నయం కావాలని గుడి దగ్గర పడుకోవడం, దర్గాలో ఉండిపోవడం మనకు కొత్త కాదు. రఘురామ్ బృందం తమిళనాడులోని ఒక గుడిలో ఉండి వెళ్లిన 31 మంది మానసిక రోగులను పరిశీలించి 2002లో ఒక వైద్య పత్రికలో రాసింది. ప్రత్యేకమైన తంతులేమీ లేవు. నీడ, తిండి, చిన్న పనులు, కసరని మనుషులు. సగటున ఆరు వారాలు ఉన్నారు, లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. దానికి ముందు ఏడాదే, 2001 ఆగస్టులో, అదే రాష్ట్రంలోని ఎర్వాడిలో దర్గా చుట్టూ నడిచే ఆశ్రయాల్లో ఒకటి తగలబడి, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. భక్తి రెండు చోట్లా ఉంది. ఒకచోట మనిషిని మనిషిగా చూశారు, ఇంకోచోట గొలుసు వేశారు.

కక్కించడం ఎప్పుడూ మంచిదే అనుకోవడం కూడా ప్రమాదమే. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్లను కొన్నాళ్లకే కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క విడతలో చెప్పించి, 13 నెలల తర్వాత చూసింది బ్రిటన్‌లో బిసన్ బృందం. అలా చెప్పించినవాళ్లలో 26 శాతం మందికి ఆఘాత వ్యాధి నిలిచిపోయింది. వదిలేసినవాళ్లలో 9 శాతం మందికే. చెప్పించినవాళ్ల గాయాలు మొదట్లోనే పెద్దవన్న మాట కొంత నిజమే. అయినా బలవంతంగా తవ్వడం ఇప్పుడు ఎవరూ సిఫారసు చేయరు. ఒక శిబిరంలో మాత్రలు ఆపితేనే లోపలి గాయం బయటికొస్తుందని నాకు చెప్పారు. నేను ఆపలేదు. కీళ్లవాతంలో మందు లేకుండా గడిచిన నెలల్లో అరిగిన కీలు మళ్లీ పెరగదు.

అమెరికాలోని కొలరాడోలో 151 మంది నడుంనొప్పి రోగుల మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగం గురించి గొప్పగా చెబుతుంటారు. నొప్పిని ప్రమాదంగా కాకుండా మెదడు ఇస్తున్న తప్పుడు హెచ్చరికగా చూడడం నేర్చుకున్నవాళ్లలో 66 శాతం మందికి నొప్పి పోయింది లేదా దాదాపు పోయింది. అవి ఎముకలో చెప్పుకోదగ్గ కారణం కనిపించని నొప్పులు. ఫ్లోరైడుతో బిగిసిన నడుముకు ఈ లెక్క అన్వయించి, నీ మనసు బాగాలేక నీకు నొప్పి అంటే అది వైద్యం కాదు, రోగిని నిందించడం. ఆ మాట వినకూడదు. ముందు ఆ ఇంటి నీళ్లు పరీక్ష చేయించాలి, ఎక్స్‌రే తీయించాలి.

ఆ తర్వాత వినే మనిషి కావాలి. అదే మన పల్లెల్లో కొరత. మన రాష్ట్రంలోనే అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన పల్లెల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ, చేతిలో ఒక ట్యాబ్ ఇచ్చి చూశారు. దిగులు, ఆందోళన ఉన్నవాళ్లలో వైద్యసాయం అందుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఇంకా చాలా తక్కువే, కానీ పదిరెట్ల పైమాట. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మన ఆశా అమ్మ చక్కెర, బీపీ అడిగేటప్పుడు నడుంనొప్పి మనిషిని ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడిగితే బాగుంటుంది: నిద్ర పడుతోందా పెద్దమ్మా, ఇంట్లో నీ మాట వినేవాళ్లు ఉన్నారా?