గేర్‌బాక్సు పని అయ్యాక పాలబండి లాగకపోతే

మార్టూరు ప్రాంతంలో ఒక సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా ఒకే నెలలో రెండు గేర్‌బాక్సు బిల్లులు మా కంటపడ్డాయి. మరమ్మతు అయిన మూడవ రోజునే బండి లాగడం మానేసిందని, అందుకే మళ్లీ విప్పించామని కార్యదర్శి గారు చెప్పారు. రెండవసారి విప్పితే గేర్‌బాక్సులో దోషమేమీ కనిపించలేదు. ఈలోగా సాయంత్రపు పాలు శీతలీకరణ కేంద్రానికి ఆలస్యంగా చేరి పులిసిన పాల కింద లెక్కకు వచ్చాయి. ఆ నష్టం పాలు పోసిన సభ్యులందరి మీదా పడింది. మిరప బస్తా దారిలో ఒక రాత్రి ఆగినా మిరపే. పాలకు ఆ వీలు లేదు.

చివరకు తేలిందేమంటే, క్లచ్ ప్లేటుకు నూనె అంటింది.

ఇంజను తిరుగుడును గేర్‌బాక్సుకు అందించేది క్లచ్. ఇంజను వెనుక ఫ్లైవీలు, దాని వైపు స్ప్రింగు బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటు, ఆ రెంటి నడుమ క్లచ్ ప్లేటు వుంటాయి. గేర్‌బాక్సు దించి ఎక్కించేటప్పుడు చేతులు పడేది వీటి పక్కనే. కనుక మరమ్మతు తర్వాత వచ్చే తంటాను ముందు ఇక్కడే వెతకాలి.

క్యాన్లు ఎక్కించక ముందే పరీక్ష చేయండి. సమమైన రోడ్డు మీద పై గేరులో పోతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, ఇంజను హోరు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పెడలుకు వుండవలసిన ఖాళీ కదలిక లేకపోయినా జారుతుంది. అది సరిచేయడం కొద్దిసేపటి పని. ఖాళీ సరిగానే వుంటే క్లచ్ గూడు అడుగున నూనె చుక్కలు చూడండి. ఘాటైన గంధకపు వాసన వేస్తే గేరు నూనె, అంటే గేర్‌బాక్సు ముందు షాఫ్టు ఆయిల్ సీలు బిగింపులో దెబ్బతిన్నదన్నమాట. నల్లగా వుంటే ఇంజను నూనె. నూనె తాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు. అది నాలుగు రోజుల ముచ్చట.

దీనికి ఎదురు దోషం క్లచ్ వదలకపోవడం. పెడలు పూర్తిగా తొక్కి, కొద్ది క్షణాలు ఆగి రివర్సు వేసినా గరగరమంటే అదే. హైడ్రాలిక్ గొట్టంలో గాలి చేరిందేమో చూడాలి. గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడినా ప్లేటు వంగి ఇలా అవుతుంది. జాకీ లేకుండా ఇద్దరు కుర్రవాళ్లు చేతులతో ఎత్తే చోట మేము దీన్నే అనుమానిస్తాము.

ఇప్పుడు కొందరు సభ్యుల ఇళ్లలో ఆటోమేటిక్ కార్లూ వున్నాయి. టార్క్ కన్వర్టరు వున్న రకంలో తిరుగుడు నూనె ద్వారా అందుతుంది. వేగం నిలకడ పడ్డాక లోపలి లాకప్ క్లచ్ పట్టుకుంటుంది. బండి వేడెక్కాక నిలకడ వేగంలో, యాక్సిలరేటరు కదపకుండా బ్రేకు పెడలును తేలికగా తాకితే, చాలా బండ్లలో ఇంజను ముల్లు కొంచెం లేచి, కాలు తీశాక దిగుతుంది. అలా కదిలితే లాకప్ పనిచేస్తున్నట్లే. బండి ఆగేటప్పుడు ఇంజను ఊగి ఆగిపోతుంటే లాకప్ వదలడం లేదేమో చూపించాలి. మరమ్మతు అయిన బండిలో నూనె రకం, మట్టం, వైరు కనెక్టరు చూడకుండా కన్వర్టరు మార్చనివ్వవద్దు.

ఇక బిల్లు సంగతి. "గేర్‌బాక్సు పని" అని ఒక్క ముక్క వ్రాసిన బిల్లుకు పాలకవర్గం సంతకం పెట్టరాదు. సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, కూలి విడివిడిగా వ్రాయించండి. మార్చిన పాత భాగాలను సంఘం గదిలోనే వుంచండి. మేము వచ్చినప్పుడు వాటిని కూడా చూస్తాము.