పిల్లలకు పిల్లలే పంతుళ్లు: మగ్గాల ఊళ్లో ఉచితంగా కోడింగ్

భివండిలో తెలుగు మీడియంలో పదో తరగతి గట్టెక్కిన పిల్లలకు వెంటనే రెండు చిక్కులు ఎదురవుతాయి. పదకొండు నుంచి చదువు ఇంగ్లిష్‌లోనో మరాఠీలోనో సాగాలి. పక్క బెంచీవాళ్లు అప్పటికే కంప్యూటర్ క్లాసులకు వెళ్లి ఉంటారు. మనవాళ్లు మౌస్ పట్టుకోవడానికే జంకుతారు. ప్రైవేటు క్లాసులో చేర్పిద్దామంటే సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడే తండ్రికి ఆ ఫీజు బరువు. చాలామంది చదువు అక్కడే ఆగుతుంది. మగపిల్లలు కార్ఖానాకు, ఆడపిల్లలు ఇంటిపనికి మళ్లుతారు.

ఈ చిక్కును తేలిక చేసే దారి ఒకటి బడిలోనే ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరో తరగతి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం. ఫీజు లేదు, మాస్టారు లేరు. పాఠమంతా తెలుగులోనే.

అరుగు బడి నుంచి లండన్‌కు

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం మనకు కొత్త కాదు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, అక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన బడిలో అదే పెట్టమంటే కింది ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. దాంతో ఎనిమిదేళ్ల కుర్రవాడికి ఆ పని అప్పగించాడు. వాడు చిన్నవాళ్లకు అక్షరాలు నేర్పేశాడు. బెల్ ఈ పద్ధతి గురించి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేస్తే, అది ఇంగ్లండ్ బడుల్లోకి పాకింది.

1823లో బళ్లారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడులను లెక్కించాడు. మొత్తం 533 బడుల్లో 226 తెలుగువి. ముందున్న పిల్లలు వెనకున్నవారికి నేర్పే తీరును ఆయన తన నివేదికలో మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. మన అరుగు బడుల్లో నడిచిన పద్ధతే ఇది. ఇప్పుడు పాఠం మాత్రమే మారింది.

మగ్గమే మొదటి పాఠం

ప్రోగ్రామింగ్ అంటే యంత్రానికి వరుస తప్పకుండా పని చెప్పడం. మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే. పేక పోగు తెగితే మగ్గం ఆగాలి. ఇది షరతు. బేసి పోగులు పైకి, సరి పోగులు కిందికి, నాడె అటు. మళ్లీ సరి పోగులు పైకి, బేసి పోగులు కిందికి, నాడె ఇటు. ఇది లూప్. బీము ఖాళీ అయ్యేదాకా ఇదే తిరుగుతుంది.

చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. 1804లో ఫ్రాన్స్‌లో జాకార్డ్, చిల్లులు పడిన అట్టలతో నేతలో పూలు దించే మగ్గం తయారుచేశాడు. ఆ అట్టల ఆలోచనే చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి తీసుకున్నాడు. ఆ యంత్రం మీద ఏడా లవ్‌లేస్ 1843లో రాసిన వివరణలను తొలి ప్రోగ్రామ్‌గా చాలామంది చెప్పుకుంటారు. పద్మనగర్ పిల్లలకు ఇది చెప్పి చూడండి. కంప్యూటర్ పరాయి వస్తువన్న భయం సగం పోతుంది.

మొదటి నెల కంప్యూటరే వద్దు

కంప్యూటర్లు లేవని ఆగనవసరం లేదు. న్యూజీలాండ్‌లో టిమ్ బెల్, ఆయన మిత్రులు కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ నేర్పే ఆటలను ఎప్పుడో రూపొందించారు. మనం గళ్ల కాగితం తీసుకుంటే చాలు. మొదటి వరుసలో బేసి గళ్లు, రెండో వరుసలో సరి గళ్లు నింపితే సాదా నేత వస్తుంది. ఒక్కో వరుసకు ఒక్కో గడి జరిపితే జీన్స్‌లో కనిపించే ఏటవాలు గీత వస్తుంది. ఒకరు బొమ్మ చూపించకుండా ఆదేశాలు రాయాలి, మరొకరు వాటి ప్రకారం నింపాలి. బొమ్మ తప్పితే తప్పు ఏ ఆదేశంలో ఉందో ఇద్దరూ కలిసి వెతకాలి. తప్పు వెతకడం నేర్చుకున్నవాడు సగం ప్రోగ్రామర్ అయినట్టే.

తర్వాత స్క్రాచ్. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దిమ్మెలు పేర్చి ప్రోగ్రామ్ చేయవచ్చు. ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. బొమ్మ చేత తెలుగులో మాట్లాడించవచ్చు.

ఆపైన పైథాన్. ఇందులో తప్పనిసరిగా తెలియాల్సిన కీలక పదాలు 35. ఇంగ్లిష్ రాదని బెదిరే పిల్లలకు ఈ లెక్క చెప్పాలి. మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే ఉండొచ్చు. కూలీ, మీటర్లు, మొత్తం అని రాసి, నాన్న వారం కూలీ లెక్క కట్టే ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టండి. ఇంట్లో వెంటనే పనికొస్తుంది.

నేర్పే పిల్లలకు సాయం మనకు దగ్గర్లోనే ఉంది. పవయిలోని ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఉచిత సాఫ్ట్‌వేర్లపై చిన్న చిన్న వీడియో పాఠాలు తయారుచేసింది. వాటిలో తెలుగులోకి మార్చినవీ ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే కరెంటు ఉన్నప్పుడల్లా చూడొచ్చు.

నాలుగు నియమాలు చాలు

ఒకటి, ఒక పెద్ద విద్యార్థికి నలుగురికి మించి చిన్నవారు వద్దు. రెండు, కీబోర్డు ఎప్పుడూ నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. నేర్పేవాడు నోటితో చెప్పాలి గానీ లాక్కుని టైప్ చేయకూడదు. మూడు, జవాబు చెప్పే ముందు 'ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది?' అని అడగాలి. నాలుగు, ఫీజు లేదు గానీ బాకీ ఉంది. ఈ ఏడాది నేర్చుకున్నవారు మరో ఏడాది నలుగురికి చెప్పాలి. ఈ బాకీ తీరుతున్నన్నాళ్లూ కార్యక్రమం ఆగదు.

శనివారం బడి వదిలాక గంటన్నర సరిపోతుంది. చీకటి పడకముందే ముగిస్తే ఆడపిల్లల తల్లులు అడ్డుచెప్పరు. ఉపాధ్యాయుడు గదిలో ఉండాలి, పాఠం మాత్రం చెప్పకూడదు. పదో తరగతి పిల్లలను ఈ పనికి పెట్టకపోవడం మంచిది. వారికి బోర్డు పరీక్షలున్నాయి.

నేర్పేవారికి నష్టమా?

తల్లిదండ్రులు తప్పక అడిగే ప్రశ్న ఇది. 'మా అబ్బాయి చదువు మానుకుని వేరేవాళ్లకు చెప్పడమేంటి సార్?' 1982లో కోహెన్, కులిక్‌లు 65 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. నేర్చుకున్నవారితో పాటు నేర్పినవారూ ఆ సబ్జెక్టులో మెరుగుపడ్డారని తేలింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఉపాధ్యాయుల పర్యవేక్షణలో తోటి విద్యార్థుల బోధనను ప్రోత్సహించమంది. మాధ్యమిక దశలో కోడింగ్ ఉండాలనీ చెప్పింది. కాబట్టి ప్రధానోపాధ్యాయులు దీనికి వెనకాడనక్కర్లేదు.

ఆరు నెలల స్క్రాచ్‌తో ఉద్యోగం రాదు. ఆ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. వచ్చేది వేరు. ధారావి మురికివాడలో ఆడపిల్లలు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌తో తమ బస్తీ నీళ్ల క్యూ కోసం, ఆడవాళ్ల రక్షణ కోసం యాప్‌లు తయారుచేశారు. తమ కష్టాన్ని తామే సరిచేయగలమన్న నమ్మకం వారికి అలా వచ్చింది. మన పిల్లలకు కావలసిందీ అదే. పదకొండో తరగతి గదిలో భాష మారినా, 'ఈ పాఠం నాకు తెలుసు, తెలుగులో నేను నలుగురికి చెప్పాను' అనుకోగలగాలి.

జూన్‌లో బడులు తెరుస్తారు. పూర్వ విద్యార్థులు మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి బడికివ్వండి. ప్రధానోపాధ్యాయులు ఒక గది, ఒక తాళంచెవి ఇవ్వండి. తొమ్మిదో తరగతి నుంచి ఐదుగురు పిల్లలు ముందుకొస్తే చాలు, ఇరవై మందికి పాఠం మొదలైనట్టే.