ఎక్స్-రే చెప్పిన ఆనవాలు

మరణించిన మనిషికి మనం చూపవలసిన తొలి మర్యాద అతడెవరో గుర్తించడం. యుద్ధాలలో, అగ్నిప్రమాదాలలో, ప్రకృతి వైపరీత్యాలలో ఒక్కొక్కసారి ముఖం, వేలిముద్రలు నశించి ఎముకలు మాత్రమే మిగులుతాయి. అట్టి సమయంలో ఎక్స్-రే చిత్రాలు సాక్ష్యంగా నిలుస్తాయి.

1895లో జర్మనీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఇవి మాంసాన్ని సులభంగా దాటిపోతాయి. కాల్షియం గల ఎముకలు వీటిని అధికంగా అడ్డుకుంటాయి. అందువల్ల ఫిల్ముపై ఎముకల రూపురేఖలు తెల్లగా ఏర్పడతాయి. నుదుటి ఎముకలోని గాలి గదుల అంచులు, దంతాల అమరిక, పూర్వం ఎముక విరిగి అతికిన గుర్తులు మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి. రొమ్ము ఎముకను భుజంతో కలిపే జత్రుక కూడా అటువంటిదే.

జత్రుక విలువను కొరియా యుద్ధ మృతుల ఉదంతం చాటింది. ఆ యుద్ధం 1950 నుండి 1953 వరకు సాగింది. అందులో మరణించిన అమెరికా సైనికులలో 800 మందికి పైగా ఎవరో తెలియక, వారిని హవాయి దీవులలోని పంచ్‌బౌల్ శ్మశానవాటికలో ఖననం చేశారు. దేహాలు చెడకుండా వాడిన రసాయనాలు డి.ఎన్.ఎ.ను దెబ్బతీయడంతో ఆ పరీక్షలు చాలాకాలం ఫలించలేదు. అయితే సైన్యంలో చేరేటప్పుడు క్షయవ్యాధి పరీక్ష కొరకు తీసిన ఛాతీ ఎక్స్-రేలు వేల సంఖ్యలో మిగిలి ఉన్నాయి. వాటిలో జత్రుకలు కనిపిస్తాయి.

శాస్త్రజ్ఞులు ఆ చిన్న ఫిల్ములను కంప్యూటర్‌లోకి ఎక్కించి, నలుపు తెలుపుల తేడాను పెంచి, ఎముకల అంచులను స్పష్టపరిచారు. సమాధి నుండి తీసిన జత్రుకను పాత చిత్రంలో ఉన్న భంగిమలోనే ఉంచి కొత్త ఎక్స్-రే తీశారు. దగ్గరి పోలికలు గల చిత్రాలను కంప్యూటర్ ఏరి ఇస్తుంది. తుది నిర్ణయం నిపుణులదే.

చిత్రాన్ని మెరుగుపరచడమంటే ఉన్నదానిని కంటికి అందించడమే. అతిగా దిద్దితే లేని పోలిక కనిపించే ప్రమాదముంది. అప్పుడు ఒక తల్లి పరాయి బిడ్డకు అంత్యక్రియలు జరుపుతుంది. మరొక తల్లి ఎదురుచూపు ఎన్నటికీ తీరదు. అందుకే మూలచిత్రాన్ని మార్చకుండా భద్రపరుస్తారు. వయస్సు వల్ల ఎముకలో వచ్చిన మార్పును అంగీకరిస్తారు గాని, వివరణకు అందని భేదం ఒక్కటి ఉన్నా ఆ పోలికను తిరస్కరిస్తారు. దంతాలు, ఎత్తు, వయస్సు వంటి ఆధారాలతోనూ సరిచూస్తారు.

జీవించి ఉన్నవారి ఆరోగ్యం కొరకు తీసిన చిత్రం అర్ధశతాబ్ది గడిచిన తరువాత మృతులకు వారి పేర్లను తిరిగి ఇచ్చింది. ఆ యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన అమెరికా సైనికులు నేటికీ 7,000 మందికి పైగా ఉన్నారు. వారి కుటుంబాల నిరీక్షణ ముగిసే వరకు ఈ అన్వేషణ సాగవలసిందే.