అచ్చక్షరములోని లోహము

నూరేండ్లకు పైగా తెలుగువారు చదివిన పుస్తకములు, పత్రికలు, పెండ్లి శుభలేఖలు ఇంచుమించుగా అన్నియు సీసపు అక్షరములతో అచ్చయినవే. 1980 తరువాత ఆఫ్‌సెట్ ముద్రణయు, కంప్యూటరు కూర్పును వ్యాపించి వానిని మూలపడవేసినవి. అయినను పాత ముద్రణాలయముల అటకలమీదను, కొందరి ఇండ్లలోని పెట్టెలయందును ఆ అక్షరములు నేటికిని గలవు. అది ఏ లోహము? దానికి అంత గట్టిదనము, అంత సరియైన కొలత ఎట్లు వచ్చినవి? దానిని ఇంటిలో కరగింపవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు ఇచట సమాధానము చెప్పుదుము.

'సీసపు అక్షరము' అనుట వాడుక మాత్రమే. శుద్ధమైన సీసము గోటితో గీచినను గీత పడునంత మెత్తనిది. దానితో అక్షరము పోసినచో కొలది ప్రతులకే అంచులు అణగిపోవును. లోహముల కాఠిన్యమును కొలుచుటకు స్వీడను దేశపు ఇంజనీరు బ్రినెల్ 1900లో ఒక పద్ధతి చూపెను. ఉక్కు గుండును లోహముపై నిర్ణీత భారముతో అదిమి, పడిన గుంట వెడల్పును బట్టి అంకె కట్టుదురు. ఆ లెక్కను సీసమునకు వచ్చు అంకె సుమారు 5. లైనోటైపు యంత్రములలో వాడిన మిశ్రలోహమునకు సుమారు 22. చేతికూర్పు అక్షరముల లోహము ఇంకను గట్టిది.

ఈ భేదమునకు కారణము సీసముతో చేరిన రెండు లోహములు, ఆంటిమొనీయు తగరమును. లైనోటైపు లోహమున నూటికి సుమారు 84 పాళ్లు సీసము, 12 పాళ్లు ఆంటిమొనీ, 4 పాళ్లు తగరము. చేతికూర్పు అక్షరములలో ఆంటిమొనీ 20 పాళ్లు దాటుటయు గలదు. ఆంటిమొనీ గట్టిదనము నిచ్చును. మితిమీరినచో పెళుసుతనమును ఇచ్చును. తగరము ఆ పెళుసుతనమును తగ్గించి, కరగిన లోహము అచ్చులోని సన్నని మూలలకు ప్రవహించునట్లు చేయును. మూడును కలియుటవలన మరియొక లాభము గలదు. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఆంటిమొనీ 631 డిగ్రీల వద్ద కరగును. కాని వాని మిశ్రమము సుమారు 240 డిగ్రీలకే కరగును. వేడి తగ్గినకొలది పోతపని సులువగును.

ఈ లోహము గట్టిపడునపుడు వ్యాకోచించి అచ్చును నిండుగా నింపునని పలువురు వ్రాసిరి. అది సరికాదు. ఒంటరిగా ఆంటిమొనీ గట్టిపడునపుడు కొంచెము పెరుగును గాని, మిశ్రలోహము పెరుగదు. సీసము నూటికి మూడు పాళ్లకు మించి ముడుచుకొనును. మిశ్రలోహము అంతకు తక్కువ ముడుచుకొనును. ఆ తక్కువయే అక్షరపు అంచులకు వాడి నిచ్చినది.

ఇక కొలత. ఇంగ్లండు, అమెరికా పద్ధతిని అక్షరపు ఎత్తు 0.918 అంగుళము. అంగుళములో వెయ్యవ వంతు రెండు మూడు పాళ్లు ఎత్తు పెరిగినచో ఆ అక్షరము కాగితమును పొడుచును, తగ్గినచో వెలవెలపోవును. వెడల్పు సంగతియు అంతియే. పంక్తిలో 60 అక్షరములుండి ఒక్కొక్కటి వెయ్యవ వంతు అంగుళము ఎక్కువైనచో, పంక్తి 60 వంతులు, అనగా మిల్లీమీటరున్నర, పెరుగును. అట్టి పంక్తిని చట్రమున బిగింపజాలరు. తెలుగులో గుణింతములు, వత్తులు కలిసి కంపోజిటరు ముందు వందలకొలది అచ్చులుండును. అవన్నియు ఒకే కొలతకు రావలెను. 1814లో శ్రీరామపురమున కేరీ తెలుగు వ్యాకరణమును, 1816లో చెన్నపట్టణమున క్యాంబెల్ వ్యాకరణమును అచ్చువేసినవారికి ఈ చిక్కు తప్పలేదు.

కాఠిన్యమునకును కొలతకును గల ఈ సంబంధము మరియొక చోటను కానవచ్చును. అమెరికాలో తుపాకి గుండ్లను ఇంటియొద్ద పోసికొనువారు మూతపడిన ముద్రణాలయముల లైనోటైపు లోహమును కొని, సీసముతో పలుచన చేసి వాడుచుందురు. ఒకే మూసలో మెత్తని సీసము పోసిన చిన్న గుండును, గట్టి లోహము పోసిన కొంచెము పెద్ద గుండును వచ్చును. ముడుచుకొనుటలోని భేదమే దీనికి హేతువు. కనుకనే పోసిన గుండును మరల కొలత గల ఉక్కు రంధ్రము గుండ త్రోసి సరిచేయుదురు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఆ పని చేయరాదు.

కరగించిన లోహము మరల మరల అదే గుణముతో ఉండదు. ప్రతి పర్యాయమును తగరము, ఆంటిమొనీ గాలితో కలిసి తెట్టుగా పైకి తేలి పోవుచుండును. అందువలన పెద్ద ముద్రణాలయములు అప్పుడప్పుడు నమూనాను పరీక్షింపించి, తగ్గిన పాలును మరల చేర్చెడివి. ఆ బూడిదవంటి తెట్టులోనే మూడవ ప్రశ్నకు సమాధానము గలదు.

ఇంటిలో కరగింపరాదు. సీసమునుండి ఆవిరి లేచునంత వేడి పొయ్యిమీద రాదని కొందరు ధైర్యము చెప్పుదురు. ఆవిరికన్న తెట్టు ధూళియే ఎక్కువ ప్రమాదము. అది నేలపై పడును, చేతుల కంటుకొనును, అన్నములోనికి చేరును. పాకు పిల్లలు నేల తాకిన చేతిని నోట పెట్టుకొందురు. పెద్దల శరీరముకన్న పిల్లల శరీరము సీసమును ఎన్నోరెట్లు ఎక్కువగా గ్రహించును. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. రక్తమున ఇంత సీసమున్నను కీడు లేదని చెప్పదగిన మట్టము ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక్క చుక్క నీరు కరగిన లోహమున పడినను ఆవిరి పేలి లోహము ముఖముపై చిందును. పాలు త్రాగినచో సీసము విరుగునను నమ్మకము గలదు. సున్నము, ఇనుము చాలిన ఆహారము తినువారికి సీసము కొంత తక్కువగా ఒంటబట్టుట నిజమే గాని, అది విరుగుడు కాదు.

పూర్వము కేసులలోని దుమ్మును నోటితో ఊది, ఆ చేతులతోనే ఫలహారము చేసిన కంపోజిటర్లు కలరు. కడుపునొప్పి, రక్తహీనత, మణికట్టు వ్రేలాడుట అట్టివారికి సంక్రమించు వ్యాధులు. మనము చదివిన అక్షరములకు వారు చెల్లించిన మూల్యమది.

కావున మీ ఇంట పాత అక్షరములున్నచో మూతగల డబ్బాలో పెట్టి పిల్లల కందకుండ నుంచుడు. తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనుడు. వానిని ఆటవస్తువులుగా నీయకుడు. వలగుండ్లకై వంట పొయ్యిమీద కరగింపకుడు. ఇదివరకే కరగించిన పాత్రను మరల వంటకు వాడకుడు. అక్కరలేనిచో అనుమతి గల లోహ సేకరణదారునకు, చక్కని సమితియైనచో ప్రదర్శనశాలకు అప్పగింపుడు. అక్షరముగా ఉన్నంతకాలము ఆ లోహమున చూడదగిన పనితనము గలదు. పొయ్యి కెక్కిన పిమ్మట మిగులునది విషము మాత్రమే.