హవాయి మేక, సుబాబుల్ మండ

ఏమర్రా, గేదె నెమరేస్తుంటే నోటికేసి చూస్తారేంటి? దాని ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి చూడండి. నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల ఏదో బరువుగా దొర్లుతున్నట్టు తెలుస్తుంది. అదే పెద్ద పొట్ట. అసలు వ్యవహారమంతా అక్కడే.

మన కంకిపాడు చుట్టూ కాలవ కింద భూములు. వరి కోస్తే గడ్డి, ఉయ్యూరు మిల్లుకి చెరుకు కొడితే చెరుకాకు, మాగాణిలో పిల్లిపెసర చల్లుకున్నవాడికి నాలుగు రోజులు పచ్చిమేత. ఏడాదిలో ఎక్కువ కాలం గేదెకి దక్కేది వరిగడ్డే. దాంట్లో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళు. పొట్ట సరిగ్గా నడవాలంటే మేతలో కనీసం 7 పాళ్ళన్నా ఉండాలి.

ఎవరికి చాలదు, గేదెకా? ఇక్కడే ఉంది తమాషా. గడ్డిలోని పీచును విడగొట్టే రసం గేదె ఒంట్లో పుట్టదు, మన ఒంట్లోనూ పుట్టదు. గాలి సోకని ఆ పొట్టలో, 39 డిగ్రీల వెచ్చదనంలో బతికే సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. అక్కడి రసం ఒక్క మిల్లీలీటరు తీస్తే వెయ్యి కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి. పైగా ప్రోటోజోవాలు, బూజు జాతులు. పీచును పులియబెట్టి అవి వదిలే ఆమ్లాలే గేదెకి బలం. ఆ జీవులు కూడా మెల్లగా నాలుగో పొట్టలోకి జారి అరిగిపోతాయి, మాంసకృత్తులు అలా దక్కుతాయి. మీ నాయనమ్మ తొట్లో వేసే మేత ముందు వాటి పాలిటిది, ఆ తరవాతే గేదె పాలిటిది.

అందుకే గడ్డితో పాటు నాలుగు ఆకుమండలు పడెయ్యమంటాను. తమలపాకు తోటల్లో తీగ పాకడానికి వేస్తారే, ఆ అవిసె మంచిది. సుబాబుల్ అయితే నందిగామ, జగ్గయ్యపేట వైపు ఎకరాలకెకరాలు. కర్ర కాగితం మిల్లులకి, ఆకు మేకలకి. ఎండబెట్టిన సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళ పైమాటే. ఆ నత్రజని అందితే సూక్ష్మజీవులు పెరుగుతాయి, గడ్డి తొందరగా అరుగుతుంది, పొట్ట ఖాళీ అయ్యి గేదె ఇంకో రెండు పరకలు తింటుంది. ఆకు తను ఇచ్చే బలం కన్నా గడ్డిలో చిక్కుకున్న బలాన్ని బయటికి రప్పించడమే నాకు గొప్పగా తోస్తుంది.

అయితే సుబాబుల్‌తో ఒక పేచీ ఉంది. దాని ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. గుర్రం అతిగా తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. నెమరేసే పశువులో అయితే పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థంగా మారుస్తాయి. అది థైరాయిడ్ గ్రంథికి అడ్డు పడుతుంది. గొంతు కింద వాపు, నోట్లోంచి చొంగ, పశువు చిక్కిపోవడం. సుబాబుల్ మేసిన ఆస్ట్రేలియా పశువులకి అచ్చం ఇదే జరిగింది.

హవాయి దీవుల్లో మాత్రం మేకలు అదే ఆకు కడుపునిండా మేసి నిక్షేపంగా తిరిగేవి! రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. ఆకు అదే, విషం అదే, మేకలూ మేకలే. మరి తేడా ఎక్కడ? పొట్టలోనే ఉండాలని ఊహించాడు. 1980లలో హవాయి మేకల పొట్టలోని బాక్టీరియాని తీసుకొచ్చి ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించారు. మీ నాయనమ్మ పాలలో తోడు వేస్తుందే, అలాగన్నమాట. ఆ పశువుల్లో డీహెచ్‌పీ విరిగిపోయింది, జబ్బు ఆగింది. ఆ పని చేసే బాక్టీరియాకి 1992లో జోన్స్ పేరు మీదే సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. క్వీన్స్‌లాండ్‌లో ఇప్పటికీ మందలో కొన్నిటికి దీన్ని తాగిస్తారు, మిగతావి వాటితో కలిసి మేస్తూ అంటించుకుంటాయి. జబ్బులే అంటుకుంటాయనుకుంటాం గానీ, జీర్ణశక్తి కూడా అంటుకుంటుందిరా!

పేచీ సుబాబుల్ ఒక్కదానితోనే కాదు. నల్లతుమ్మ ఆకులో వగరు ఉంటుంది చూశారూ, అది టానిన్. ఆకులోని మాంసకృత్తుల్ని పట్టుకుని సూక్ష్మజీవులకి అందనివ్వదు. కొద్దిగా ఉంటే మేలే: నాలుగో పొట్టలోని పులుపుకి ఆ పట్టు సడలి, మాంసకృత్తులు నేరుగా పశువుకే దక్కుతాయి. ఎక్కువైతే సూక్ష్మజీవులకి పస్తే. దీనికీ ఒక మొండిఘటం దొరికింది. ఆస్ట్రేలియా అడవుల్లో తుమ్మజాతి ఆకులు మేసే మేకల పొట్టలో, టానిన్‌కి లొంగని బాక్టీరియా ఉందని 1994లో ప్రకటించారు.

ఇదంతా మన కొట్టం దాకా వచ్చేసరికి తేలేది ఒకటే. కొత్త ఆకు ఏదైనా మొదట గడ్డిలో గుప్పెడు కలపాలి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి, దాన్ని అరిగించే జీవులు ఈలోగా పెరుగుతాయి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకూడదు. తొందరపాటు ఎలా ఉంటుందో పెళ్ళిళ్ళ రోజుల్లో చూడండి. మిగిలిన అన్నం పారెయ్యడానికి చేతులు రాక గంపెడు గేదె ముందు పోస్తారు. పిండిపదార్థం మీద బతికే బాక్టీరియా ఒక్కసారిగా విజృంభించి పొట్టంతా పులిసిపోతుంది, పీచు తినే జీవులు చచ్చిపోతాయి. తెల్లారేసరికి గేదె నెమరు మానేసి కూలబడుతుంది. ఇంటాయన ఏమో దిష్టి తగిలిందని నిమ్మకాయలు వెతుకుతుంటాడు. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యమనండి.